హలీమా రెండో కన్ను

హలీమా మొదటిసారి మస్కట్‌లో రూవి పేటలోని కంటి ఆసుపత్రికి వచ్చినప్పుడు సగం ముఖం మీదికి నల్ల చున్నీ లాక్కొని ఉంది. పక్కన ఆమె పెద్దమ్మ బిల్కీస్. చున్నీ తీయమని నర్సు సెలీనా హిందీలో అడిగింది. హలీమా కాసేపు తటపటాయించి తీసింది. కుడికన్ను ఉండాల్సిన చోట లోపలికి కుంగిపోయిన రెప్పలున్నాయి. కణత మీద, బుగ్గ మీద చర్మం కింద ఆవగింజలు పోసినట్టు నల్లటి మచ్చలు.

సెలీనాది తుని. పెళ్ళికి ముందునుంచీ మస్కట్‌లో నర్సు. గని పేలుళ్ళలో, వెల్డింగు పనుల్లో పోయిన కళ్ళు చాలా చూసింది. ఈ మచ్చలు అలాంటివి కావు.

"ఏదైనా పేలిందా?"

"లేదు బాజీ. కాల్చారు."

పాకిస్తాన్ సరిహద్దు బలూచీ వాళ్ళు కాబట్టి పెద్దమ్మకీ హలీమాకీ ఉర్దూ వచ్చు. సెలీనా హిందీకి అది సరిపోయింది; బాజీ అంటే అక్క. బిల్కీస్ మస్కట్ శివారు సీబ్‌లో కాపురముండే మనిషి. హలీమా ఆమె చెల్లెలి కూతురు, ఇరాన్‌లోని జాహెదాన్‌లో ఒకటో తరగతి పంతులమ్మ. తలమీద గుడ్డ సరిగా లేదని పట్టుకెళ్ళిన ఒక అమ్మాయి కస్టడీలో చనిపోయాక ఆ దేశమంతా జనం రోడ్డెక్కిన రోజులవి. ఒక శుక్రవారం నమాజు వేళ కాల్పులు వినిపిస్తే, మసీదుకి వెళ్ళిన తమ్ముడు ఫుర్ఖాన్ కోసం హలీమా పరుగెత్తింది. వాడు దొరికాడు. వాడి చెయ్యి పట్టుకుని సందు మలుపు తిరుగుతుంటే ఎదురుగా యూనిఫారం మనిషి.

"కాళ్ళకి గురిపెట్టలేదు బాజీ. నా ముఖం చూశాడు. చూసి, తుపాకీ ఎత్తాడు."

తుపాకీ చిమ్మిన పెల్లెట్లు, అంటే సన్నటి లోహపు గుళ్ళు, తగిలినవాళ్ళు ఆసుపత్రికి వస్తే అక్కడినుంచే పట్టుకుపోతున్నారని తెలియడంతో ఇంట్లోనే పసుపు, గుడ్డ పెట్టి కట్టు కట్టారు. కన్ను కుళ్ళింది. చివరికి తెలిసిన డాక్టరు ఎవరో దొంగచాటుగా తీసేశాడు. కొన్నాళ్ళకి ఫుర్ఖాన్‌ను ఇంటికొచ్చి తీసుకెళ్ళారు. వాడు ఒక సిపాయిని చంపాడని కేసు పెట్టి ఉరిశిక్ష వేశారు. ఆ తర్వాత వైద్యం పేరుతో పెద్దమ్మ దగ్గరికి వచ్చిన హలీమా, ఇక ఊరుకోలేక, విదేశంలోని ఒక పర్షియన్ చానల్‌కి తన ముఖం చూపించి అంతా చెప్పేసింది.

ఇదంతా ఆమె ఒక్కరోజున చెప్పలేదు. కంటి గుంట శుభ్రం చెయ్యడానికి, పెట్టుడు కన్నుకి అచ్చు తీయించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం చెప్పింది. సెలీనా వినేది. ఇంటికెళ్ళి వంట చేస్తూ అదే తలుచుకునేది.

ఆ రోజుల్లోనే ఒక పెద్దమనిషి ఆసుపత్రికి వచ్చాడు. కత్తిరించిన నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చేతిలో పిస్తా మిఠాయి పెట్టె. హలీమాకి బాబాయి వరసనని ఉర్దూలో చెప్పుకున్నాడు.

"మా అమ్మాయికి పెట్టుడు కన్ను మీరే దగ్గరుండి చేయిస్తున్నారట. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి సిస్టర్." జేబులోంచి ఒక ఫొటో తీశాడు. స్కూలు గుర్తింపు కార్డుకి తీయించుకున్న హలీమా ఫొటో. రెండు కళ్ళూ ఉన్నప్పటిది. "రంగు తేడా రాకూడదని తెచ్చాను."

సెలీనాకి కడుపు నిండిపోయింది. ఎంతమంది చుట్టాలు ఇంత ఆలోచిస్తారు?

"దగ్గరనుంచి చూసినా కనిపెట్టలేరా?" అన్నాడు. "పెద్ద పెద్ద లైట్లు పడినా?"

"పెళ్ళికి ముస్తాబు చేసినా తెలీదు సర్," అంది సెలీనా. పెళ్ళి సంబంధం ఏదో కుదిరిందనుకుంది.

ఆయన నవ్వాడు.

కన్ను చేసే టెక్నీషియన్ పక్కన సెలీనా ఫొటో పట్టుకుని కూర్చుంది. హలీమాది తేనె రంగు కన్ను, అంచున కాస్త ఆకుపచ్చ జీర. ఆ జీర మొదటిసారి ముదురైందని సెలీనా మళ్ళీ వేయించింది. తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్ర నరాలు కూడా పెట్టించింది. అమర్చిన రోజు అద్దం చేతికిస్తే హలీమా చాలాసేపు చూసుకుంది. ఎడమకంట నీళ్ళు కారాయి.

"మీ బాబాయి చూస్తే ఎంత సంతోషిస్తారో," అంది సెలీనా.

హలీమా అద్దం దించింది. "నాకు బాబాయిలు లేరు బాజీ."

సెలీనా మిఠాయి పెట్టె సంగతి, ఫొటో సంగతి చెప్పింది. హలీమాకి ఆశ్చర్యం కలగలేదు. ఆ మనిషి ఇరాన్ ప్రభుత్వం పంపిన మనిషి. సీబ్‌లో పెద్దమ్మ ఇంటికీ వచ్చాడు. వచ్చి, ఫోనులో ఫుర్ఖాన్ వీడియో చూపించాడు. గుండు గీసిన తలతో, జైలు బట్టల్లో వాడు, "అక్కా, ఇంటికొచ్చెయ్. నిన్నేమీ చెయ్యరు," అంటున్నాడు. షరతు ఒక్కటే. హలీమా తిరిగొచ్చి టీవీలో కూర్చోవాలి. తనని ఎవరూ కాల్చలేదని, ఆ చానల్ వాళ్ళు ముఖానికి రంగులు పూసి అబద్ధం చెప్పించారని చెప్పాలి. అలా చెబితే తమ్ముడి ఉరి రద్దు.

"కన్ను తయారయ్యేదాకా ఆగుతామన్నాడు. తొందరేం లేదమ్మా, బాగా చేయించుకో అన్నాడు."

సెలీనా ఆ కన్ను వంక చూసింది. ఆకుపచ్చ జీర మళ్ళీ వేయించింది తనే.

"వాళ్ళ మాట ఎలా నమ్ముతున్నావు?"

"నమ్మట్లేదు బాజీ. కానీ వెళ్ళకపోతే వాణ్ణి చంపింది నేనే అని అమ్మ అనుకుంటుంది. పైకి అనదు. అనుకుంటుంది."

"అమ్మతో మాట్లాడావా?"

"రోజూ. వాడు బాగున్నాడు, నీకోసం చూస్తున్నాడు అంటుంది. వేరే ఏమడిగినా అదే మాట అంటుంది."

ఇంటికొచ్చి సెలీనా భర్త ప్రీతమ్‌కి చెప్పింది. అతను అల్ అమెరాత్‌లో ఒక కట్టడాల కంపెనీలో సూపర్‌వైజర్.

"మనకెందుకే ఈ గొడవ?" అన్నాడు అన్నం కలుపుతూ. "మన వీసాలు మన చేతుల్లో ఉన్నాయా? రేపు పొమ్మంటే ఎల్లుండి ఫ్లైటెక్కాలి."

"ఆ పిల్లని చంపడానికి తీసుకెళ్తున్నారండీ."

"చంపేవాళ్ళని నువ్వు ఆపగలవా, చెప్పు?"

సెలీనా ఆపాలనే చూసింది. ఎముక వెనకున్న పెల్లెట్ల వల్ల ఇప్పట్లో విమానం ఎక్కకూడదని డాక్టరుగారి చేత రాయించింది. అది అబద్ధమని డాక్టరుకీ తెలుసు. ఆయన ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

రెండు రోజులకి ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి మిఠాయిలు లేవు. గొంతు మాత్రం అంతే మెత్తగా ఉంది.

"ఉరి తేదీ నేను పెట్టేది కాదు సిస్టర్. మీరు ఆమెని ఇక్కడ కూర్చోబెడితే అక్కడ కుర్రాడి రోజులు తరుగుతాయి. మీరు ప్రార్థన చేసే మనిషి. ఆలోచించుకోండి." లేస్తూ ఆగాడు. "మీ పాప బడి బస్సు మీ బిల్డింగు కిందికే వస్తుంది కదా? మంచిది. ఎండలో నడిచే పని లేదు."

ఆ సాయంత్రం సెలీనా డాక్టరుగారి దగ్గరికెళ్ళి కాగితం వెనక్కి తీసుకోమంది. ఆయన దానికీ ఏమీ అడగలేదు.

హలీమా వెళ్ళే ముందురోజు ఆసుపత్రికి వచ్చింది.  పెట్టుడు కన్ను తీసి, కడిగి, తిరిగి పెట్టుకోవడం సెలీనా ఇంకోసారి చేసి చూపించింది. హలీమా బుద్ధిగా నేర్చుకుంది. పోతూ పోతూ సెలీనాని గట్టిగా వాటేసుకుంది.

"నాకు మళ్ళీ ముఖం ఇచ్చావు బాజీ," అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. 

ఆ కార్యక్రమం శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. బిల్కీస్ ఫోను చేస్తే సెలీనా సీబ్ వెళ్ళింది. ఇద్దరూ నేలమీద పరిచిన పరుపుపై కూర్చుని టీవీ చూశారు. హలీమా బంగారు అంచు కుర్చీలో కూర్చుంది. చుట్టూ లైట్లు. ప్రశ్నలడిగే మనిషి ముఖం చూపించలేదు.

బిల్కీస్ ఒక్కో మాటా ఉర్దూలో చెప్పసాగింది. "నన్నెవరూ కాల్చలేదు అంటోంది... శత్రు దేశాల వాళ్ళు తప్పుదారి పట్టించారట... మస్కట్‌లో ఒక విదేశీ నర్సు కూడా వాళ్ళ మనిషేనట..."

సెలీనా టీవీకి దగ్గరగా జరిగింది.

అప్పుడు కెమెరా హలీమా ముఖం దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి. తెరనిండా రెండు కళ్ళు. తేనె రంగు, అంచున ఆకుపచ్చ జీర. రెండింటిలోనూ ఒకేలా లైటు మెరిసింది. లోకంలో ఎవరూ తేడా పట్టలేరు. ముఖం మీది మచ్చలు పౌడరు కింద కనిపించలేదు.

"ఇవిగో నా రెండు కళ్ళు, చూడండి, అంటోంది," అంది బిల్కీస్. ఆ తర్వాత ఆమె మాటలు తర్జుమా చెయ్యడం మానేసింది.

మర్నాడు పొద్దున్న జాహెదాన్ నుంచి హలీమా తల్లి బిల్కీస్‌కి ఫోను చేసింది. బిల్కీస్ ఆ ఫోను చెవికి పెట్టుకుని ఒక్క అరుపు అరిచి కూలబడింది. సెలీనాకి సంగతి ఆమే తర్వాత మెల్లగా చెప్పింది. ఫుర్ఖాన్‌ను ఎప్పుడో ఉరి తీసేశారు. హలీమాకి వీడియో చూపించేనాటికే వాడు లేడు. ఆనాడే తెల్లవారకముందు తల్లిని శ్మశానానికి తీసుకెళ్ళి, ఏడవకూడదని చెప్పి, వాణ్ణి పూడ్చిన మట్టి చూపించారు. కూతురికి చెబితే కూతురూ దక్కదన్నారు. ఆ తల్లి రోజూ ఫోనులో, "వాడు బాగున్నాడు, నీకోసం చూస్తున్నాడు," అని చెబుతూ, తన కూతుర్ని తనే పిలిచి వాళ్ళ చేతిలో పెట్టింది.

హలీమాకి జైలు వేశారు. టీవీలో చెప్పింది నేరం ఒప్పుకోవడమే అన్నారు. ఇక్కడ ఆసుపత్రి మేనేజరు సెలీనాని పిలిచి, నీ తప్పు లేదని తెలుసునమ్మా, కానీ మాకు ఈ పేరు వద్దు అన్నాడు. నెలాఖరుకి ఆమె ఉద్యోగం పోయింది. ప్రీతమ్ ఒక్క మాట కూడా దెప్పలేదు. తుని వెళ్ళడానికి సామాను కట్టడం మొదలుపెట్టాడు.

వాళ్ళు బయలుదేరబోయే వారంలో బిల్కీస్ ఫోను చేసింది. తల్లిని హలీమా దగ్గరికి ఒకసారి పోనిచ్చారట.

"పెట్టుడు కన్ను తీసేసుకున్నారమ్మా. లోపల అలాంటివి ఉండకూడదట. గుంటలో చీము పడుతోందట. ఏం చెయ్యాలో మా చెల్లెలు నిన్నడగమంది. వచ్చేసారి వెళ్ళినప్పుడు చెబుతుంది."

సెలీనా సగం కట్టిన అట్టపెట్టె మీద కూర్చుంది.

"మరిగించిన నీళ్ళు చల్లార్చి, చిటికెడు ఉప్పు వేసి, శుభ్రమైన గుడ్డతో పొద్దున, సాయంత్రం తుడవమనండి పెద్దమ్మా."

"మరిగించిన నీళ్ళు అక్కడెవరిస్తారు?"

"అయితే తాగే నీళ్ళే వాడమనండి. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో..."

"సబ్బు కూడా లేదటమ్మా."

 అవతల బిల్కీస్ రాసుకుంటున్న కాగితం చప్పుడు ఆగింది. ఊపిరి వినిపిస్తోంది.

"చెయ్యి పెట్టొద్దనండి," అంది సెలీనా. "ఎంత దురద పెట్టినా సరే, అసలు ముట్టుకోవద్దనండి. చున్నీ కొసతో దుమ్ము పడకుండా కప్పుకోమనండి. ఈగలు వాలనివ్వొద్దనండి."

బిల్కీస్ ఒక్కో మాటా పైకి అంటూ రాసుకుంది.