హర్షిణి కట్టిన గ్రహం

మా కోడలు హర్షిణి ఒక గ్రహాన్ని కడుతోంది. హైదరాబాదులోని ఒక వీడియో గేముల కంపెనీకి ఏలూరులో మా ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆట జరిగే లోకాన్ని ముందుగా ఊహించి, దాని నేల, నీరు, గాలి, మనుషులు అన్నీ రాసి ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఈసారి ఆమె కోరి ఎంచుకున్నది అంతటా ఒకే వాతావరణం ఉండే గ్రహం. మంచు కొండలు లేవు, ఎడారులు లేవు. ఎక్కడ నిలబడినా కార్తీకమాసం పొద్దున్న వీధి తలుపు తీసినప్పటి హాయి.

"అదెలా కుదురుతుందమ్మా?" అన్నాను. డిగ్రీలో ఫిజిక్సు చదివినవాణ్ణి, ఊరుకోలేను.

ఆమె ఇడ్లీ పాత్ర మూత తీస్తోంది. "కింది పళ్ళెం, పై పళ్ళెం ఒకేలా ఉడికాయి కదండీ మావయ్యగారూ? ఆవిరి అంతటా తిరుగుతుంది కాబట్టి. మా గ్రహానికి గాలి బాగా మందం. ఎండ తగిలిన వైపు వేడిని తగలని వైపుకి మోసుకుపోతుంది. ఇరుసు నిటారుగా ఉంటుంది, అందుకని ఋతువులు రావు."

ఇరుసు వంపు తీసేస్తే ఋతువులు పోతాయని నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అలాంటి చోట ఒక ఊరు పెట్టి, అందులో మనుషుల్ని ఉంచవచ్చని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

రాసిందంతా అచ్చు తీసి నాకూ, మా అబ్బాయి జయంత్‌కీ చదవమని ఇచ్చింది. వాడు రోజూ ఉద్యోగానికి తాడేపల్లిగూడెం వెళ్ళొస్తాడు. రైల్లో చదివి బ్రహ్మాండంగా ఉందన్నాడు. నేనూ అదే అన్నాను. శుక్రవారం ఆమె పై అధికారి హేమంత్‌కుమార్ ఫోన్ చేశాడు. హర్షిణి కూర తరుగుతూ స్పీకర్ పెట్టింది.

"హర్షిణిగారూ, ఋతువులే లేవన్నారు, బానే ఉంది. మరి నాలుగో పేజీలో ఎండాకాలం రాగానే కాలువలకు నీళ్ళు కట్టేస్తారని రాశారేంటండీ? సార్వా కోశాక రెండో పంటగా దాళ్వా ఊడుస్తారట. ఏ ఎండాకాలం? ఏ దాళ్వా?"

హర్షిణి నాలుక కరుచుకుంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి, ఏటేటా కాలువలు కట్టేసే ప్రకటనలు నా చేత్తో టైపు చేసినవాణ్ణి. ఆ పేజీని రెండుసార్లు చదివి ఆనందించాను కూడా. గోదావరి కాలువల పక్కన పుట్టిన ముగ్గురం చూసినా, ఆ లోకంలో ఎండాకాలం లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

"అది కొట్టేస్తానండీ," అంది హర్షిణి.

"కొట్టేస్తే ఏ ఊరు చూసినా ఒకటే అవుతుందండీ. ఆడేవాడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎందుకు నడవాలి? సోమవారం లోపు కారణం చెప్పండి. లేకపోతే అందరిలాగే మంచు ఒకవైపు, ఎడారి ఒకవైపు పెట్టేద్దాం."

అంటే ఆమె గ్రహం ఇక ఉండదు. శనివారం వంట నేనే చేశాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆమె గమనించలేదు.

ఆదివారం నా మిత్రుడు పాండురంగారావు కొల్లేరు దగ్గరున్న తన చెరువుల్లో చేపలు పట్టిస్తున్నాడు. గాలి మారుతుందని హర్షిణిని బయల్దేరదీశాను. మధ్యాహ్నానికి ఆమే క్యారేజీ సర్దింది. మేం వెళ్ళేసరికి పీకల్లోతు నీళ్ళలో మనుషులు వల దగ్గరికి లాగుతున్నారు. శీలావతులు వల మీంచి ఎగిరిపడుతున్నాయి. చెరువుల కాపలా చూసే దుర్గారావు ఎదురొచ్చాడు.

"అమ్మగారు డల్‌గా ఉన్నారేంటండీ?"

సంగతి చెప్పాను. అతను బుగ్గ నొక్కుకున్నాడు.

"ఎండా లేదు, వానా లేదు! మరి పొద్దున్నే ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారండీ? 'ఏవండీ, ఎండ మండిపోతందండీ' అనడానికి లేదు. మనూళ్ళో సగంమంది మూగోళ్ళయిపోతారండీ బాబూ!"

హర్షిణి ఫక్కున నవ్వింది. శుక్రవారం తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. వచ్చిన పని అయిపోయిందనుకున్నాను.

ఆమె గట్టు చివరిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చెయ్యి ఊపి నన్ను పిలిచింది. మాకు ఇటువైపు వల లాగుతున్నారు. పక్క చెరువులో చిన్న పడవ మీద ఒకతను తవుడు సంచులు గెడలకు కడుతున్నాడు, కొత్తగా వదిలిన పిల్లచేపలకు మేత. దాని అవతల చెరువు ఎండగట్టి ఉంది. బీటలు తీసిన అడుగున, మళ్ళీ నీళ్ళు పెట్టేముందు చల్లిన సున్నం తెల్లగా పరుచుకుంది.

"ఎండ ఒక్కటేనండీ," అంది నెమ్మదిగా. "మూడు చెరువులూ మూడు కాలాల్లో ఉన్నాయి."

ఈ గట్ల మీద నేను ఎన్నేళ్ళుగానో తిరుగుతున్నాను. నాకు చెరువులే కనిపించాయి.

"మా గ్రహంలో కాలం ఆకాశం నుంచి రాదండీ, చెరువులోంచి వస్తుంది. ఏ ఊరి కాలం ఆ ఊరిదే. ఒక ఊళ్ళో చేపలు పడి పండగ చేసుకుంటుంటే, పక్క ఊళ్ళో మేత కడుతుంటారు. ఆ పక్క ఊళ్ళో చెరువు ఎండగట్టుకుని కూర్చుంటారు."

సోమవారం దాకా ఆగలేదు. అక్కణ్ణుంచే హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అంతా చెప్పింది.

"బాగుందండీ," అన్నాడతను. "కానీ చూడటానికేనా నడిచేది? చూసేశాక?"

హర్షిణి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, ఎండిన చెరువు వైపు చూస్తూ నన్నడిగింది. "వీళ్ళు ఏం తింటారు మావయ్యగారూ?"

"పక్క ఊరివాళ్ళు క్యారేజీ పంపుతారు కదమ్మా," అన్నాను.

ఆలోచించి అన్నమాట కాదు. నా భార్య నిర్మల పోయినప్పుడు, మా పొయ్యి వెలగని రోజుల్లో, పూటపూటా వీధిలో ఏదో ఒక ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. నాకు పులుపు పడదని ఎవరో కనుక్కుని చారు వేరేగా కాచి పంపారు. ఎవరి గిన్నెలు ఎవరివో గుర్తుపెట్టుకుని, తోమి వాళ్ళ వాళ్ళకి చేర్చింది హర్షిణే.

ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, ఫోన్ మీంచి చెయ్యి తీసింది.

"ఆడేవాడు అన్నం మోసుకెళ్తాడండీ. చేపలు పడ్డ ఊరి నుంచి ఎండిన ఊరికి. ఆ చెరువు పండాక వాళ్ళు ఇంకో ఊరికి పంపుతారు."

"కత్తి లేదా?"

"లేదండీ. క్యారేజీ."

"యుద్ధం?"

"చారు ఒలకకుండా తీసుకెళ్ళడం తక్కువ యుద్ధమేంటండీ?"

అవతల ముందు అతని పక్కనున్న ఎవరో నవ్వారు, తర్వాత అతనూ నవ్వాడు. "మంచూ ఎడారీ వద్దులెండి. మీ గ్రహాన్ని మీరనుకున్నట్టే కట్టండి. ఆ నడక ఎలా ఉంటుందో రేపు రాసి పంపండి."

హర్షిణి ఫోన్ పెట్టేసి గబగబా కారు దగ్గరికి వెళ్ళింది. మా క్యారేజీ తీసుకుని గట్టెక్కింది.

"అప్పుడే భోజనానికా అమ్మా?"

"కాదండీ. ఎంత దూరానికి చెయ్యి లాగుతుందో చూడాలి."

ఎండిన చెరువు గట్టు మీద నడుస్తోంది. సగం దూరంలో ఆగి క్యారేజీ ఎడమచేతికి మార్చుకుంది. ఫోన్‌లో ఏదో రాసుకుంది. మళ్ళీ నడిచింది, ఈసారి ఇంకాస్త మెల్లగా.