సీసపు అంగీ

మా పశువుల దవాఖానలో ఎక్స్‌రే తీస్తే పశువు ఎముకలతో పాటు నా వేళ్ళు కూడా వచ్చేవి. డాక్టర్ జలపతి గారు ఫిల్మును వెలుతురుకు పట్టి, "ఆనందం, చెయ్యి దూరం పెట్టుమంటే ఇనవు గదా," అని విసుక్కునేవారు. పట్టుకోకపోతే మేక ఫొటోకు కదలకుండా కూర్చుంటుందా! నేను నవ్వేసి, ఆ వేళ్ళను వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి. కోరుట్ల మొత్తంలో బతికుండగానే తన ఎముకలు చూసుకున్న మొనగాణ్ణి నేనేనని గొప్ప.

ఆ గొప్పంతా ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఒక్కరోజులో దిగిపోయింది.

దవాఖాన ప్రైవేటుది. సారు సర్కారు నౌకరీ నుంచి రిటైరయ్యాక, జగిత్యాలలో ఎవరో అమ్మేసిన పాత మెషీను కొనుక్కొచ్చి పెట్టారు. ఆయన గోడ వెనక నిలబడి మీట నొక్కేవారు. పశువును పట్టుకునే మనిషి వేసుకోవడానికి, ఎక్స్‌రే కిరణాలను ఆపే సీసపు అంగీ ఒకే ఒక్కటి ఉండేది. ఆ కిరణాలు కంటికి కనపడవని, కడుపుతో ఉన్నవాళ్ళకు అసలే మంచివి కావని సారు మొదటి రోజే చెప్పారు. నేను కంపౌండరును. నా భార్య ఇంద్రమ్మ అక్కడే ఊడ్చి తుడిచే పని చేసేది. నేను లేని రోజు పశువును పట్టుకునేది ఆమే.

అప్పుడు ఇంద్రమ్మకు మూడో నెల. అంతకుముందు రెండు కడుపులు మూడో నెలలోనే పోయాయి. ముందుగా నలుగురికీ చెప్పుకున్నందుకే దిష్టి తగిలిందని మా అమ్మ బాలవ్వ నమ్మకం. ఎప్పుడో మగ్గం కింద నలిగి వంకరపోయిన చిటికెన వేలును నా మొహం మీద ఆడించి, "ఐదో నెల నిండేదాక బయట నోరు తెరిస్తే సూడు కొడుకా," అంది. నేను తెరవలేదు. సారుకు కూడా చెప్పలేదు. అంగీ ఉంది గదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఆ అంగీ భుజాల పట్టీలు తెగాయి. కోరుట్ల దర్జీలు దాని బరువు చూసే చేతులెత్తేశారు. మా మేనమామ పోచయ్య సిరిసిల్లలో మరమగ్గాలకు తోలు పట్టీలు కుట్టేవాడు. సీసంలోకి సూది దించొద్దని, అంచు గుడ్డకే కుట్టాలని సారు మరీ మరీ చెప్పి నన్ను పంపారు. "నేనొచ్చేదాక ఫొటో గదిలకు పోకు," అని ఇంద్రమ్మకు చెప్పి పొద్దున్నే బస్సెక్కాను. మామ పది గంటలకల్లా కుట్టి, గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు.

కథలాపూర్ ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసులు బస్సు ఆపారు. వారం కింద ఎక్కడో నక్సలైట్ల మందుపాతర పేలింది. అప్పటి నుంచి వాళ్ళకు ప్రతి సంచీ మీదా అనుమానమే. నా గోనెసంచి విప్పగానే ఎస్సై కళ్ళు మెరిశాయి.

"బుల్లెట్ ప్రూఫ్! ఏ దళానికి తీస్కపోతున్నవ్ రా?"

"సారూ, గిది పసుల దవాఖానది."

"పసులకు బుల్లెట్ ప్రూఫా?"

బస్సులో ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో అలాంటి మాటకు నవ్వితే వాణ్ణి కూడా దింపుతారు. నన్ను దింపి బస్సును పంపేశారు. అంగీ నాకే తొడిగి ఎండలో నిలబెట్టారు. ఒక జవాను తుపాకి గురిపెట్టి, "ఆగుతదో లేదో కొట్టి సూద్దమా సార్," అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియక రెండు చేతులూ పైకెత్తాను.

కాసేపటికి అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఎవరో ఒకరు కాలు విరిగిన మేకనో కుక్కనో తెస్తారు. సారు మీట నొక్కాలి కాబట్టి పట్టుకోమని ఇంద్రమ్మను పిలుస్తారు. ఎందుకు పట్టుకోనంటోందో ఆమె చెప్పకూడదు. ఆ నోరు కట్టేసింది మేమే. సీసమంతా నా ఒంటి మీద ఉంది, అది కావలసిన మనిషి ఒంటి మీద వట్టి చీర ఉంది. ఆ తలపు రాగానే తుపాకి కూడా నాకు ఆనలేదు.

"సారూ, నేను జల్ది పోవాలె. మా ఇంట్ల..." అని ఆగిపోయాను. అక్కడ కూడా నోరు పెగలలేదు, చూడండి!

రెండు దాటాక డ్యూటీ మారి, మేడిపల్లి మనిషి, కానిస్టేబుల్ అంజయ్య వచ్చాడు. వాళ్ళ బర్రెకు పొదుగు వాస్తే నాలుగు రోజులు వెళ్ళి సూదులు వేసింది నేనే. "ఏందే ఆనందం, గిదేం వేషం?" అని నన్నడిగి, ఎస్సై దగ్గరికి వెళ్ళి, "పసుల కంపౌండరే సార్, నాకెరుకే," అన్నాడు. ఎస్సై నన్ను వదిలాడు గాని అంగీని వదల్లేదు.

"గిది ఈడ్నే ఉంటది. మీ డాక్టరును కాయితం తెచ్చి తీస్కపొమ్మను."

వేరే రోజైతే కొట్లాడేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అంగీ విప్పి వాళ్ళ ముందు పడేసి, దొరికిన లారీ ఎక్కాను.

దవాఖాన వసారాలో తీగకు ఒక ఫిల్ము వేలాడుతోంది. దాని నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. కింద కాలికి కట్టుతో ఒక మేకపోతు, దాని పక్కన దాన్ని తెచ్చిన ముసలామె. ఫిల్ములో మేక కాలు, దాన్ని బిగించి పట్టిన సన్నటి ఆడ వేళ్ళు. ఇలాంటి వేళ్ళనే చూపించి నేను అన్నేళ్ళు నవ్వాను. రెండు పోయాయి, ఇక మూడోదీ పోయినట్టేనని అక్కడే ఏడుపొచ్చింది.

"ఇంద్రమ్మా!" అని అరిచాను.

చీపురుతో బయటికి వచ్చింది. "ఏందయ్యా గట్ల ఒర్లుతున్నవ్?"

"నువ్వు పట్టినవా?"

తల అడ్డంగా ఊపి ఫిల్ము వైపు చూపింది. మళ్ళీ చూశాను. చిటికెన వేలు ఎముక మధ్యలో వంగి ఉంది.

మా అమ్మ వసారా మూలన సద్దిగిన్నె ముందు కూర్చుని ఉంది. కోడలికి అన్నం తెచ్చిందట. అప్పుడే సారు పట్టుకోమని పిలిచారట. ఇంద్రమ్మ కాదనలేక, కారణం చెప్పలేక గడప దగ్గరే నిలబడిపోయిందట. అమ్మ కొంగు దోపి, "నువ్ వాకిట్లకు నడు పిల్లా," అని ఆమెను పంపేసి, తానే వెళ్ళి మేకను అదిమి పట్టిందట. అది కదిలిన ప్రతిసారీ ఫొటో చెడిపోయి, మొత్తం మూడుసార్లు పట్టిందట.

"అంగీ లేకుండ ఎట్ల పట్టినవే అవ్వా?" అన్నాను.

"నాకింక పుట్టేటోళ్ళున్నరా కొడుకా?" అంది గిన్నె సర్దుకుంటూ.

నేను నేరుగా సారు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "సారూ, అంగీ పోలీసోళ్ళ దగ్గరుంది. నా భార్యకు మూడో నెల. ఇగ ఆమె ఆ గదిల అడుగు పెట్టది, మా అవ్వ గూడ పెట్టది," అన్నాను. వసారాలో అందరికీ వినపడేలా అన్నాను.

సారు మొహం పాలిపోయింది. "ముందుగాల చెప్పద్దా!" అని కసిరి, అంతలోనే తల దించుకున్నారు. "తప్పు నాదే ఆనందం. అంగీ ఉన్నా చేతులకు అడ్డం ఉండదు. అసలు మనిషే పట్టద్దు. మత్తుసూది ఇచ్చి, ఇసుక సంచులు ఒత్తు పెట్టి తియ్యాలె. తెలిసి గూడ తొందరల గిట్ల చేస్తున్న."

వెనక్కి తిరిగేసరికి అమ్మ నా ఎదురుగా ఉంది. అదే వంకర వేలు నా మొహం మీదికి ఎత్తింది. నలుగురిలో బయటపెట్టినందుకు తిడుతుందనుకున్నాను.

"పోయి ఇసుక తేపో," అంది. "సంచులు నేను కుడుత."