గట్టు మీది గొంతు

నీళ్ళలో తల ముంచినవాళ్ళకి గట్టు మీది మాట వినపడదని తెలిసి కూడా మా మాస్టారు ఎందుకలా ఆపకుండా మాట్లాడేవారన్నది నన్ను ఎన్నో ఏళ్ళుగా పట్టుకున్న సందేహం. కాలేజీలో మాకు ఈత నేర్పినాయన ఆయన. వెలిసిపోయిన టోపీ, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. మేం ఈదుతుంటే పక్కనే గట్టు మీద నడుస్తూ, "వదులు, గాలి వదులు, ఆ చెయ్యి చాపు, ఏం తొందర, పెళ్ళికి పోతున్నావా, వదులు" అంటూ ఒకటే మాటలు. వసపిట్ట అని పేరు పెట్టుకుని చాటున నవ్వుకునేవాళ్ళం.

నేను రోజూ దేవుడికి దండం పెట్టుకునే మనిషిని. ఒక్కోసారి కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు ఆ సందేహమే ఇంకోలా వచ్చేది. నేను చెప్పేది ఆ దేవుడికి వినపడుతోందా, లేక ఆయనే గట్టు మీద నుంచి ఏదో చెబుతుంటే నా తల నీళ్ళలో ఉందా? జవాబు దొరకలేదు. దండం మాత్రం మానలేదు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు క్లోరిన్ వాసన వస్తుంది. ఎన్నిసార్లు తలంటుకున్నా పోయేది కాదు. తడి జడ వీపంతా తడిపేస్తుంటే క్లాసులో కూర్చునేదాన్ని. వెనక బెంచీ వాళ్ళు, "చేప వచ్చిందర్రా, కిటికీలు తియ్యండి" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపిస్తే ఏడిపించనీ అనుకునేదాన్ని. కొలను అడుగున పొడుగ్గా ఒక నల్ల గీత ఉండేది. దాని వెంట పోతున్నంతసేపూ పరీక్షలు, ఇల్లు, ఏవీ గుర్తుండేవి కావు. అంత నిశ్శబ్దం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

తర్వాత పెళ్ళి, పిల్లలు, వంటిల్లు. కప్పులూ పతకాలూ అటక మీదికి పోయాయి. పోయినేడు మా పక్కవీధి ఈత కొలనులో ఆడవాళ్ళకి నేర్పే ఆవిడ మానేసిందని, కోచ్ కావాలని బోర్డు పెట్టారు. కూరల సంచీతో వస్తూ దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పేపరు దించి, "ఇన్నాళ్ళూ నన్నొక్కణ్ణే ముంచావు, ఇక వీధివీధంతా ముంచుతావా?" అన్నారు. మర్నాడు అటకెక్కి నా పాత కప్పులు దించింది కూడా ఆయనే.

కొలను మేనేజరు వాటిని తిప్పి తిప్పి చూశాడు. "మీరు ఈదారు, సరేనండీ. ఎప్పుడైనా నేర్పారా?"

"లేదండీ."

"ఒక నెల చూద్దాం. ఆడవాళ్ళ బ్యాచ్ నిలబడితే మీరుంటారు. లేదంటే ఆ గంట పిల్లల క్లబ్బుకి ఇచ్చేస్తాను."

ఇన్నేళ్ళ తర్వాత నీళ్ళ దగ్గరికి వచ్చాను. ఆ గంట పోగొట్టుకుంటే మళ్ళీ ఎవరూ పిలవరని నాకు తెలుసు.

బ్యాచ్‌లో ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒక కుట్టుపనామె, ఇద్దరు తోడికోడళ్ళు, మా వదిన. వదిన అంటే మా అన్నయ్య భార్య. నేను కాలేజీలో ఉండగానే కాపురానికొచ్చింది. ఆడపిల్ల తెల్లారకముందే ఒక్కతీ ఈతకి పోవడానికి వీల్లేదని మా అమ్మ పట్టుబట్టింది. అన్నయ్యేమో నెత్తిన నీళ్ళు గుమ్మరించినా లేవడు. దాంతో కొత్త కోడలికి నా కాపలా పడింది. ఒళ్ళో నా తువ్వాలు పెట్టుకుని, మెట్ల మీద గోడకానుకుని కునుకు తీసేది. ఒకరోజు, "నాకూ నేర్పవే అమ్మడూ" అంది. "వేసవి సెలవుల్లో నేర్పుతాలే వదినా" అన్నాను. ఆ వేసవిలో పోటీలు, తర్వాతి వేసవిలో పరీక్షలు, ఆ పైన నా పెళ్ళి. ఆమె మళ్ళీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నేను కోచ్‌నయ్యానని తెలిసి, మోకాళ్ళ నొప్పులతోనే వచ్చి అందరికంటే ముందు పేరు రాయించుకుంది.

నేర్పడానికి దిగాక గానీ తెలియలేదు, నాకు నేర్పడం రాదని. తేలడం ఎలాగంటే ఏం చెప్పను? నడవడం ఎలాగంటే చెప్పగలమా? గాలి వదలండి అని మొదటి రోజే చెప్పేశాను, ఇక అయిపోయిందనుకున్నాను. నేనే ఈది చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. గట్టు పక్క కమ్మీ మాత్రం ఒక్కరూ వదల్లేదు.

"నువ్వు చూపిస్తే బాగానే ఉందే" అంది వదిన, కమ్మీని రెండు చేతులా వాటేసుకుని. "వంటవాడి పనితనం చూస్తే మన కడుపు నిండుతుందా?"

మూడో వారంలో తోడికోడళ్ళు మానేశారు. నాలుగో వారం మొదట్లో వదిన నన్ను పక్కకి పిలిచింది. "నా భయం చూసి కుట్టుపనావిడ కూడా బిగుసుకుపోతోంది. రేపట్నుంచి నేను రానులే."

వదిన మానేస్తే మిగిలేది ఇద్దరు. ఇద్దరి కోసం ఆ గంట ఎవరు ఉంచుతారు? "ఇవాళొక్కరోజు చూడు వదినా" అని బతిమాలాను.

నా చేతులు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని ముఖం నీళ్ళలో పెట్టింది. మరుక్షణంలో దగ్గుతూ లేచింది. లేస్తూనే నా మీద విరుచుకుపడింది. "ఏమే, నేను లోపలుంటే నువ్వు రాయిలా నిలబడతావేం? నోట్లోంచి ఒక్క ముక్క రాదేం? నువ్వున్నావో పోయావో తెలియక నా ప్రాణాలు పోయాయి!"

కమ్మీ దగ్గర బ్యాంకు ఉద్యోగిని నవ్వాపుకోలేకపోయింది. "మేడమ్, మీరు ఊపిరి బిగపడుతున్నారండీ. ఆవిడ ముఖం ముంచగానే మీ బుగ్గలు బూరెల్లా ఉబ్బుతాయి. రోజూ చూస్తూనే ఉన్నాం."

"మరి చెప్పరేమండీ!"

"నేర్పే పద్ధతేమో అనుకున్నాం. మేమూ అలాగే బిగపడుతున్నాం."

కుట్టుపనామె కూడా బుగ్గలు ఉబ్బించి చూపించింది.

నేను నా బుగ్గలు తడిమి చూసుకున్నాను. పోటీల్లో దూకేముందు అలవాటైన బిగింపు, ఎదుటివాళ్ళు మునిగినా నాకు తెలియకుండా వచ్చేస్తోంది. నోటితో వదలమని చెబుతూ, బుగ్గలతో బిగపట్టమని నేర్పుతున్నాను. అప్పుడు వసపిట్ట మాస్టారు గుర్తొచ్చారు. మాట్లాడుతూ ఊపిరి బిగపట్టడం ఎవరి తరమూ కాదు. ఆయన చెప్పింది మాకో, తనకో! ఇద్దరికీనేమో.

"ఇంకొక్కసారి వదినా" అన్నాను.

వదిన ముఖం ముంచింది. నేను మొదలుపెట్టాను. "వదులు, గాలి వదులు, ఏం తొందర, పెళ్ళికి పోతున్నావా, వదులు..." ఆమె ముఖం చుట్టూ బుడగలు లేచాయి. తల ఎత్తి, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది, "పెళ్ళా? ఎవరిదే పెళ్ళి?"

"వినపడిందా నీకు?"

"లేచేటప్పుడు ఆ ఒక్క ముక్క. లోపలుండగా ఉత్తి గుయ్‌మనే చప్పుడే. అయినా నువ్వున్నావని తెలుస్తోందిలే."

ఆ వారమంతా నా గొంతు బొంగురుపోయింది. మా ఆయనకి ఇంట్లో విశ్రాంతి దొరికింది. కుట్టుపనామె కమ్మీ వదిలింది. బ్యాంకు ఉద్యోగిని గోడని కాళ్ళతో తన్ని, చేతులు చాపుకుని నా దాకా వచ్చింది. సంగతి తెలిసి తోడికోడళ్ళలో చిన్నామె తిరిగొచ్చింది. నెలాఖరు రోజు మేనేజరు తాళాలగుత్తి తిప్పుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

వదిన వెల్లకిలా పడుకుంది. మెడ కింద నా అరచేతులు. నోటికొచ్చిందల్లా మాట్లాడుతూనే ఉన్నాను, కూరల ధరలు, మా పిల్లాడి మార్కులు, అన్నయ్య గురక. ఆమె మెడ బరువు కాస్త కాస్త తగ్గింది. కాలి వేళ్ళు నీళ్ళ మీదికి వచ్చాయి. నేను చేతులు తీసేశాను. ఆమెకి తెలియలేదు. కళ్ళు తెరిచి, పైకప్పు రేకుల్ని చూస్తూ అలా ఉండిపోయింది.

"పిల్లల క్లబ్బుకి వేరే గంట చూస్తాలెండి" అన్నాడు మేనేజరు, గట్టు మీద నుంచి.

వదిన కాళ్ళానించి లేచి నా ఖాళీ చేతుల వైపు చూసింది. "ఎప్పుడు తీశావే?"

"అన్నయ్య గురక దగ్గర."

నవ్వి నవ్వి గుక్కెడు నీళ్ళు మింగింది. దగ్గు తగ్గాక నెరిసిన జుట్టు క్యాప్‌లోకి దోపుకుని, "ఈసారి పట్టుకోవద్దు, ఎడంగా నిలబడు" అంటూ వెనక్కి వాలింది. నేను రెండడుగులు జరిగాను. వేసవి సెలవుల్లో నేర్పుతానన్న ఈత అప్పటికి నేర్పాను.