పూలమార్కెట్‌లో అత్తగారు

పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో యోగానంద్ కెమెరాకి పనే లేదు. పట్టపగలు వీధిలోకి తొంగి చూసినా మనిషన్నవాడు కనిపిస్తే ఒట్టు. అలాంటివాణ్ణి వైటూకే కంప్యూటర్ల పని మీద కంపెనీ నెల రోజులు బ్యాంకాక్ పంపితే, కరువులో ఉన్నవాణ్ణి పెళ్లిపందిట్లో కూర్చోబెట్టినట్టయింది. రోజూ పొద్దున్నే బజార్లు తిరిగి ఆఫీసుకెళ్లేవాడు. నూడుల్స్ బండి దగ్గర నిలబడి తినే గుమస్తాలు, తండ్రి మోటార్‌సైకిల్ మీదే నిద్రపోయే పిల్ల, పూలమార్కెట్‌లో దండలు గుచ్చే ఆడవాళ్లు, ఎవర్నీ వదల్లేదు.

తిరిగొచ్చి ఫిల్ములు కడిగించాడు. ఒక రీల్లో ఒకదాని మీద ఒకటి రెండేసి బొమ్మలు పడ్డాయి. వాడేసిన రీలుని పూర్తిగా లోపలికి చుట్టకుండా కాస్త చివర బయటికి వదిలేయడం అతని పాడలవాటు. పెర్త్‌లో తీసిన రీలునే కొత్తదనుకుని బ్యాంకాక్‌లో మళ్లీ ఎక్కించాడు. పోనీ, అది మామూలు రీలా! అందులో ఉన్నది అత్తగారు విద్యావతి.

మావగారు పోయినప్పటి నుంచి ఆవిడ కెమెరా ముందుకు రాలేదు. బొట్టూ పువ్వూ లేని మొహానికి ఫోటో ఏమిటనేవారు. ఇక్కడికొచ్చాక కూతురు శేషుకుమారి కాళ్లావేళ్లా పడితే, ఒక్కసారే, మళ్లీ అడగొద్దని వరండాలో కూర్చున్నారు. ఇప్పుడా ఫోటోలన్నీ అలికేసినట్టున్నాయి. ఒక్కదాంట్లో మాత్రం ఆవిడ స్పష్టంగా ఉన్నారు. పూలమార్కెట్ నడుమ, పక్కకి తిరిగి కూర్చున్నారు. కొట్టులో వేలాడే మల్లెదండ సరిగ్గా ఆవిడ ముడి మీద పడింది.

శేషుకుమారి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ ఫోటో చూశాక గొంతు తగ్గించింది.

"అమ్మకి చూపించకు. షి విల్ బి సో హర్ట్. అన్నీ పాడైపోయాయని చెప్పేద్దాం."

యోగానంద్ తలూపాడు. చేసిన వెధవ పనికి తలూపక ఏం చేస్తాడు?

తలైతే ఊపాడు గానీ, కవరు డైనింగ్ టేబుల్ మీదే వదిలేసి ఆఫీసుకెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి విద్యావతి ఆ ఫోటో పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునున్నారు.

"బాబూ, ఈ పువ్వులు నువ్వు కావాలని పెట్టావా?"

"లేదండీ అత్తయ్యగారూ, పొరపాటున పడ్డాయి. తప్పు నాదే. ఇలా ఇవ్వండి, చింపేస్తాను."

ఆవిడ ఇవ్వలేదు. ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి ముడి తడుముకున్నారు.

"కావాలని పెడితే తీసేయమందును. పొరపాటున పడ్డవేగా నాయనా, ఉండనీ."