స్టీమరు ఫొటోలో ముప్పై ఒక్క బొట్లు

సాయమ్మకు ఏ పనీ సగంలో వదలడం చేతకాదు. హైదరాబాద్ శివారు కనకమామిడిలో గంగాధరరావు కొత్తగా కట్టించిన ఫామ్‌హౌస్‌లో ఇల్లు శుభ్రం చేసే పని ఆమెది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి వచ్చేస్తూ ఆయన రాజమండ్రి నుంచి ఒక పాత ఫొటో తెచ్చుకుని హాల్లో తగిలించాడు. గోదావరి మీద పొగ చిమ్ముతున్న స్టీమరు, చక్రం పట్టుకున్న సరంగు, ఒళ్లంతా బొగ్గు మసితో ఇద్దరు పనివాళ్లు, పై అంతస్తు నిండా ప్రయాణికులు.

ఇంత పాత ఫొటోలో ఇంకా ఎవరు బతికుంటారు? సాయమ్మ ఫొటో దింపి, అద్దం తుడిచి, పోయినవాళ్లకు పెట్టినట్టే అగ్గిపుల్ల కొసతో ముప్పై ఒక్క మందికీ కుంకుమ బొట్లు పెట్టింది. పెద్దమనిషిలా ఉన్నాడని సరంగుకు మాత్రం కాస్త పెద్దది పెట్టింది.

వాకింగ్ నుంచి వచ్చిన గంగాధరరావు కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఒకావిడ చంకలో ఉన్న పసివాడి దగ్గర వేలు ఆపాడు.

"సాయమ్మా, వీడు నేనే."

"అయ్యో సారూ! నాకేమెరుక? అందరు పోయిన్రనుకున్న. జర ఆగుండ్రి," అంటూ ఆ ఒక్క బొట్టునూ కొంగుతో తుడిచేసింది.

"మిగతావి ఉండనీ. వాళ్ల విషయంలో నువ్వేం పొరబడలేదు."

సాయమ్మ పని ఇంకా అయిపోలేదు. తన కంటి కాటుకను అగ్గిపుల్లకు అద్దుకుని, పసివాడి చెంప మీద దిష్టిచుక్క పెట్టింది.

ఎనభై దాటిన గంగాధరరావు చెయ్యి తన చెంప మీదికి పోయింది.