గట్టు మీది మట్టి

ఎండిన రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి అధికారి గారు కాగితం చదివారు.

"మట్టి పరీక్షలో ఏ దోషమూ లేదు. కాబట్టి ఉప్పు కడిగే పథకం మీకు రాదు. ప్రభుత్వం మీకిచ్చిన ఈ భూమి సాగులో లేదు కాబట్టి వెనక్కి తీసుకుంటున్నాం. ఇక్కడ గ్రావెల్ పోసి కాంట్రాక్టరు వెంకటరాజు గారు గోడౌన్ కడతారు. మీ అభిప్రాయం తీసుకోవడానికే ఈ సభ."

అభిప్రాయం అడిగేసరికే టిప్పరు వచ్చి నిలబడి ఉంది.

మా పేటలో నలభై రెండు ఇళ్లకు ఉన్న భూమి ఇదే. కౌలుకు తీసుకుని చెరువులు తవ్వినవాళ్లు, రొయ్యలకు జబ్బు రాగానే వెళ్లిపోయారు. ఉప్పూ మందులూ మాకు మిగిలాయి. కాలవ నీళ్లు పెట్టి కడిగితేనే మళ్లీ వరి పండుతుంది.

మా మామ్మ రాజ్యం చెరువులోకి దిగి చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుంది. నాట్లకు ముందు మట్టిలో ఉప్పుందేమో మా ఆడవాళ్లు అలాగే చూస్తారు. తుపుక్కున ఉమ్మేసింది.

"సముద్రమండీ ఇది!"

"ల్యాబు కన్నా నీ నాలిక గొప్పదా?" వెంకటరాజు నవ్వాడు.

పరీక్షకు మట్టి ఎక్కడ తీశారో ఆ రోజే డైరీలో రాసుకున్నాను. మామ్మ చెవిలో చెప్పాను. "మట్టి చెరువులో తీయలేదు, గట్టు మీద తీశారు!" అని ఆమె గట్టిగా అందరికీ చెప్పింది.

మా పేట పెద్ద ఏలీయా తాత తల దించుకున్నాడు. "నేనేనండీ. అయ్యగారి బూట్లు పాడవుతాయని, దిగొద్దన్నాను. పారతో గట్టు మీదే తీసిచ్చేను."

గట్టుకు వేసింది బయటి నుంచి తోలిన మంచి మట్టి. ఆ రోజు మేమంతా ఆయ్ అని తలూపాం.

"మర్యాదకి పోయి మన నెత్తిన మనమే గ్రావెల్ పోసుకున్నాం మావయ్యా," అంది కరుణ పిన్ని.

"తప్పు దిద్దుకుంటామండీ. మళ్లీ తీయండి," అన్నాడు తాత.

"గడువు అయిపోయింది. పక్కకి జరగండి," అన్నారు అధికారి గారు.

ఎవరూ జరగలేదు. ఆడవాళ్లంతా చెరువులో దిగి కూర్చున్నారు. గ్రావెల్ పోయడానికి టిప్పరు వెనక్కి రాబోయి ఆగింది. పోలీసులు వచ్చి తాతనే జీపెక్కించారు.

"పార అక్కడే ఉందర్రా!" జీపులోంచి అరిచాడు తాత.

పార తెచ్చి అధికారి గారి ముందు పెట్టాను. బడిలో హాజరు కూడా గట్టిగా పలకని నేను, అందరికీ వినబడేలా అన్నాను.

"దిగండి సార్."

"దిగండి!" అంది చెరువంతా.

ఈసారి బూట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.