తాళం తీసినా ఆగని బండి

వెంకటనారాయణ గారి చిన్న కారు తాళం తీసినా ఆగదని నానక్‌రామ్‌గూడలో తెలియనివాళ్లు లేరు. తాళం చేతిలోకి వచ్చేశాక కూడా ఇంజను ఒళ్లు విదిలించుకుంటూ కాసేపు డుబ్బుడుబ్బుమని కొట్టుకునేది. నాలుగిళ్ల అవతల నడిచిపోయేవాళ్లు కూడా ఆ చప్పుడుకు అడుగులు పెంచేవాళ్లు. రాళ్ల గుట్టలు గుత్తకు పట్టే వెంకటనారాయణ గారైతే బండి దిగీదిగగానే ఇంట్లో దూరేవారు. ఆయన పిరికివారేం కాదు. కాకపోతే ఆ ధైర్యం తలుపు గడియ పడ్డాక వచ్చేది.

దీనికంతటికీ మూలం రామన్న. ఇప్పుడు ఆ బండి నడుపుతున్న మొగిలికి అన్న, అంతకుముందు దాని డ్రైవరు. నలభై ఎనిమిది సెప్టెంబరులో, యూనియన్ సైన్యం హైదరాబాదు మీదికి వస్తున్న రోజుల్లో, పట్నంలో చిక్కుకుపోయిన యజమానిని తీసుకురావడానికి అతను ఒక్కడే బయలుదేరాడు. ఆ మధ్యాహ్నం బోరబండ దగ్గర దారి పక్కన బండి కనిపించింది. తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంజను నడుస్తూ ఉంది, మనిషి మాత్రం లేడు. చూసినవాళ్లెవరికీ దాన్ని ఆపడం తెలియదు. పెట్రోలు అయిపోయేదాకా అది ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు నడిచి, దానంతట అదే ఆగింది. రామన్న శవం దొరకలేదు, కబురూ రాలేదు.

ఎద్దులు కట్టి బండిని ఊళ్లోకి లాక్కొచ్చారు. అన్న దగ్గర పని నేర్చుకున్న మొగిలి దాన్ని మళ్లీ నడిపించాడు.

రామన్నకు ఒక పట్టింపు ఉండేది. హ్యాండిలు తిప్పి బండిని లేపిన చెయ్యే దాన్ని ఆపాలి. ఇంకొకరు తాళం ముట్టుకుంటే యజమాని అని కూడా చూసేవాడు కాదు, మొహం మాడ్చుకునేవాడు. ఆ సంగతి అతని భార్య భూలక్ష్మికి బాగా తెలుసు. తాళం తీసినా బండి ఆగని మొదటి సాయంత్రం, ఆమె బండి పెట్టే కొట్టం గడపలో నిలబడి అంతా విన్నది.

"నీ చేతికి ఆగది మొగిలీ," అంది నెమ్మదిగా. "ఆనాడు లేపినాయన ఇంక ఆపనే లేదు గదా. ఉన్నడు ఆయన. వచ్చి ఆపుతడు."

అప్పటినుంచి బండి కొట్టానికి వచ్చే వేళకు ఆమె గడపలో ఉండేది. కొడుకు ఆత్మ దిక్కులేక తిరుగుతోందని, దినాలు పెట్టి సాగనంపుదామని అత్త పోచమ్మ ఏడ్చి మొత్తుకుంది. భూలక్ష్మి ఒకే మాట చెప్పేది. "బండి సుత ఆగలేదత్తమ్మా. నేనెట్ల గాజులు తీస్త?"

అసలు సంగతి మొగిలికి మొదటి రోజే తెలుసు. ఎనిమిది గుర్రాల బలం, నాలుగు సిలిండర్లు. అందులో దాచిపెట్టగలిగిన రహస్యం ఏముంటుంది? పెట్రోలు కాలగా కాలగా ఇంజను తలకాయ లోపల మసి గట్టిపడి పెచ్చులు కడుతుంది. బండి వేడెక్కితే ఆ పెచ్చులు నిప్పు కణికల్లా ఎర్రబడతాయి. తాళం తీస్తే ప్లగ్గు నిప్పు ఆరుతుంది కానీ కణికలు ఆరవు కదా, వాటికే పెట్రోలు అంటుకుని ఇంజను కాసేపు కొట్టుకుంటుంది. రామన్న ఏటేటా దసరా ముందు హెడ్డు విప్పి ఆ మసి గీకేవాడు. అతను పోయాక ఎవరూ గీకలేదు. దెయ్యమంటే అంతే.

ఈ మాట చెప్పడానికి మొగిలి నోరు తెరిచాడు కూడా. వదిన మొహం చూసి మూసుకున్నాడు. చీకటి పడుతున్న ఆ కొట్టంలో ఇంజను కొట్టుకుంటున్నంతసేపూ ఆమె పెదవులు కదిలేవి. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇంటి సంగతులు చెబుతున్నట్టు ఉండేది. విచిత్రమేమిటంటే, అంతా తెలిసిన మొగిలికి కూడా ఆ కాసేపు సీట్లో వెనక్కి ఆనుకోవాలంటే వెన్ను జలదరించేది. అన్న కూర్చునే చోట కూర్చున్నానని కాదు, అన్న ఇంకా లేవకుండానే కూర్చున్నానేమోనని.

చలికాలం వచ్చింది. ఇంజను మునుపటంత వేడెక్కడం లేదు. తాళం తీశాక కొట్టుకోవడం తగ్గుతూ తగ్గుతూ, ఒకసారి దగ్గినట్టు చేసి ఊరుకునేదాకా వచ్చింది. భూలక్ష్మి కూడా అలాగే తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. "ఏమాయె మొగిలీ, ఆయనకు నా మీద కోపమొచ్చెనా?" అని అడిగింది ఒకసారి.

ఆ మాట మొగిలి గుండెల్లో ముల్లులా దిగింది. మర్నాడు పెట్రోలులో కిరసనాయిలు కలిపాడు. కిరసనాయిలు సరిగ్గా కాలదు, మసి పెరుగుతుంది, ఇంజను ఇట్టే వేడెక్కుతుంది. ఆ సాయంత్రం తాళం తీస్తే కొట్టమంతా దద్దరిల్లింది. భూలక్ష్మి ఆ పూట కడుపునిండా తిన్నది. దాంతో మొగిలి ఆ కలపడం మానలేకపోయాడు.

మనుషులను మోసం చేయవచ్చు, ఇంజను ఒప్పుకోదు. ఎండలు ముదిరేసరికి బోరబండ ఎత్తు ఎక్కుతుంటే లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మోత. మొగిలి నూనె చూస్తే నీళ్లలా పలచబడి కిరసనాయిలు వాసన కొడుతోంది. దారిలో రెండుసార్లు నీళ్లు మరిగి ఆవిరి చిమ్మింది.

"దీని పని అయిపోయింది రా," అన్నారు వెంకటనారాయణ గారు. "బాగైతే చెయ్యి, లేకుంటే పట్నంల పాత ఇనుప సామాన్లు కొనేటోనికి ఇస్త. నాకు ఈ పరేషాన్ వద్దు."

ఇనుప సామాన్లవాడి సుత్తి కింద అన్న బండి. మొగిలికి పొద్దుటినుంచీ అదే ఊహ. అయినా మధ్యాహ్నం అలవాటుకొద్దీ కిరసనాయిలు డబ్బా ఎత్తి ట్యాంకులో పోస్తున్నాడు. వెనక గాజుల చప్పుడయింది.

"అది పెట్రోలు గాదు," అంది భూలక్ష్మి. డ్రైవరు పెళ్లాం, రెంటి వాసనా తెలియని మనిషి కాదు. "ఎన్నాళ్లసంది పోస్తున్నవ్?"

మొగిలి డబ్బా కింద పెట్టాడు. తల దించుకునే అంతా చెప్పాడు. మసి సంగతి, కణికల సంగతి, చలికాలం సంగతి. చెబుతుంటే అతనికి ఏడుపొచ్చింది. "నువ్వు తినకపోతుంటివి వదినె. నేను చూడలేకపోయిన."

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"బిడ్డ లెక్క సాకిండు దీన్ని," అంది చివరికి. "నా కోసమని దీని పానం తీస్తున్నవా? విప్పు."

"వదినె, విప్పి గీకితే ఇగ..."

"ఎరుకే. విప్పు."

హెడ్డు ఎత్తేసరికి లోపల నల్లటి పెచ్చులు, మాడిన అన్నం అడుగంటినట్టు. పిస్టను మీద గీత పడుతుంది కాబట్టి ఇనుము ముట్టించకూడదు. భూలక్ష్మి తనే వెదురు చెక్క ఒకటి చెక్కుకొచ్చి, కొంగు దోపుకుని గీకడం మొదలుపెట్టింది. మొగిలి వారిస్తే వినలేదు. మోచేతులదాకా మసి. అడుగున తెల్లటి లోహం మెరిసేదాకా ఆమె చెయ్యి ఆపలేదు. మొగిలి పాత నూనె వంచేసి కొత్తది పోశాడు, ట్యాంకు కడిగి మంచి పెట్రోలు నింపాడు, నట్లు నడిమినుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించాడు.

పొద్దు వాలుతుండగా బండిని గుట్టలదాకా తిప్పి, బాగా వేడెక్కించి కొట్టంలోకి తెచ్చాడు. మోత లేదు. పోచమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకుంది. మొగిలి తాళం మీద చెయ్యి వేసి వదిన వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

తాళం తీశాడు. ఇంజను ఆగిపోయింది.

ఒక్క దెబ్బ కూడా కొట్టుకోలేదు. ఇంత శుభ్రంగా ఆగడం అన్న రోజుల్లో కూడా మొగిలి ఎరగడు. తెలిసి తెలిసి అతని చెవులు ఆ డుబ్బుడుబ్బు కోసం వెతుక్కున్నాయి. సీట్లోంచి లేవడానికి భయమేసింది, తను లేస్తే ఇక అది నిజంగానే ఖాళీ అవుతుందని.

భూలక్ష్మి బండి ముందుకు వచ్చి వంగింది. కాపురానికి వచ్చినప్పటినుంచీ మొగుడి పేరు నోట పలకని మనిషి. ఊళ్లోవాళ్లు ఎంత ఆట పట్టించినా, పెళ్లిలో పేరు చెప్పమని గడప దగ్గర ఆపినా పలకలేదు.

"రామన్నా," అని పిలిచింది.

పోచమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భూలక్ష్మి తల అలాగే వంచి విన్నది. తర్వాత మరోసారి, కాస్త గట్టిగా, దూరంగా ఉన్న మనిషిని కేకేసినట్టు పిలిచి, మళ్లీ విన్నది. వేడి ఇనుము చల్లారుతోంది. గుట్టల మీద మేకలు అరుస్తున్నాయి.

ఆమె మసి చేతులతోనే అత్త దగ్గరికి వెళ్లి నేల మీద కూలబడింది.

"దినాలు ఎప్పుడు పెట్టుకుందామత్తమ్మా," అని అడిగింది.